ఒకే ఫైలు - పలువురి చేతులు

ఒక వెబ్‌సైటును కొందరు కలిసి నిర్మించుచున్నారనుకొందము. గోపాలుడు, సీత ఒకే ఫైలును తమ తమ కంప్యూటర్లలోనికి తీసికొని దిద్దిరి. గోపాలుడు తన ప్రతిని తిరిగి ఉమ్మడి స్థానమున ఉంచెను. పిదప సీత తన ప్రతిని దానిపై ఉంచెను. గోపాలుని దినమంతటి శ్రమ ఆనవాలు లేకుండ పోయినది. ఇందు ఇద్దరి దోషమును లేదు. లోపము పద్ధతిలో ఉన్నది.

ఈ నష్టమును నివారించు సాధనములలో గిట్ ముఖ్యమైనది. లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005లో లైనక్స్ నిర్మాణము కొరకు రూపొందించెను. సర్వరుపై అందరకు ఉమ్మడిగా ఒక భాండారము నేర్పరచుదురు. ప్రతివారును దాని నకలును, పూర్వచరిత్రతో సహా, తీసికొందురు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిరో తెలుపుచు మార్పును భద్రపరచుటను కమిట్ అందురు.

ఇప్పుడు సీత తన కమిట్‌ను పంపబోగా సర్వరు నిరాకరించును. ఏలయన, గోపాలుని కమిట్ ఆమె వద్ద లేదు. ఆమె దానిని తెచ్చుకొని కలుపునపుడు గిట్ మూడు ప్రతులను పోల్చును: ఇద్దరును మొదలుపెట్టిన మూలప్రతి, గోపాలుని ప్రతి, సీత ప్రతి. రెండు ప్రతులే యున్నచో భేదము తెలియును గాని, మార్చినదెవరో తెలియదు. దానిని తేల్చునది మూలప్రతి. గోపాలుడు 10వ పంక్తిని, సీత 50వ పంక్తిని మార్చియున్నచో రెండు మార్పులును నిలుచును. ఇద్దరును ఒకే పంక్తిని వేరువేరుగా మార్చియున్నచో గిట్ తీర్పు చెప్పదు. రెండు పాఠములను చూపి నిర్ణయమును మనుష్యునకే విడిచిపెట్టును.

ఒక హెచ్చరిక: పాస్‌వర్డులను భాండారమున చేర్చరాదు. ఫైలు నుండి తరువాత తుడిచివేసినను అవి చరిత్రలో నిలిచియే యుండును. పోగొట్టుకొనకుండ కాపాడు గుణమే ఇచ్చట ప్రమాదమగును.