కాంతిని మించిన వేగంతో నక్షత్రాలకు ప్రయాణించగలమా?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కాంతి వేగాన్ని ఏ వస్తువూ ఎందుకు అందుకోలేదో శక్తి పరంగా వివరించగలరు.
• కాంతి వేగాన్ని మించినట్లు కనిపించే సందర్భాలను పరిశీలించి, అవి ఈ నియమానికి ఎందుకు విరుద్ధం కావో చెప్పగలరు.
• కాంతిని మించిన సంకేతం వల్ల కార్యకారణ క్రమం ఎలా తలకిందులవుతుందో లెక్క వేసి చూపగలరు.
• ఈ ప్రయాణానికి సిద్ధాంతపరంగా సూచించిన మార్గాలను, వాటి పరిమితులను చర్చించగలరు.

1. పరిచయం

హైదరాబాద్ పాతబస్తీలో యాకుత్‌పురాకు కొద్ది దూరంలో ఫిసల్‌బండ అనే ప్రాంతం ఉంది. ఇంగ్లండులో 15 అంగుళాల దూరదర్శినిని కొన్న నవాబ్ జఫర్ జంగ్ 1901లో అక్కడ ఒక వేధశాలను నెలకొల్పారు. అదే నిజామియా వేధశాల. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఆ తరువాత వేధశాల బేగంపేటకు మారింది. కొంతకాలానికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమయింది. వివిధ దేశాల వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని ఛాయాచిత్రాలు తీసి నక్షత్ర పట్టికను తయారుచేసే పనిలో నిజామియా కూడా పాల్గొన్నది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది.

ఆ ఛాయాచిత్ర ఫలకాలపై పడిన కాంతి ఆయా నక్షత్రాలను విడిచి ఏళ్లు, కొన్నింటి విషయంలో శతాబ్దాలు గడిచాయి. శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. యాకుత్‌పురా నుంచి బేగంపేటకు 12 కిలోమీటర్లు అనుకుంటే, ఆ దూరాన్ని దాటడానికి కాంతికి సెకనులో లక్షో వంతుకు నాలుగు రెట్ల కాలం చాలు. చంద్రుని నుంచి రావడానికి 1.3 సెకన్లు, సూర్యుని నుంచి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుని తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని నుంచి కాంతి రావడానికి 4.24 సంవత్సరాలు పడుతుంది.

ఇప్పుడు మన నౌకల వేగాన్ని చూద్దాం. 1977లో ప్రయోగించిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో 4.24 కాంతి సంవత్సరాలు దాటడానికి దాదాపు 75,000 సంవత్సరాలు కావాలి. కాబట్టి కాంతిని మించిన వేగం సాధ్యమా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. మరింత శక్తిమంతమైన ఇంజను తయారుచేస్తే సరిపోతుందా, లేక అడ్డంకి మరెక్కడైనా ఉందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. శక్తి లెక్క

న్యూటన్ యాంత్రికశాస్త్రం ప్రకారం వేగానికి హద్దు లేదు. ఎక్కువ శక్తి ఇస్తే ఎక్కువ వేగం వస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం ఈ భావనను మార్చింది. అందులో ‘గామా’ అనే గుణకం ముఖ్యమైనది. దానిని ఇలా కనుగొంటారు: వస్తువు వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేయండి. దానిని 1 నుంచి తీసివేసి, మిగిలినదానికి వర్గమూలం కనుగొనండి. ఆ వర్గమూలంతో 1ని భాగిస్తే గామా వస్తుంది.

కాంతి వేగంలో 50 శాతం వద్ద గామా విలువ 1.15
90 శాతం వద్ద 2.29
99 శాతం వద్ద 7.09
99.9 శాతం వద్ద 22.4

వస్తువు గతిశక్తి దాని విరామ శక్తికి (గామా – 1) రెట్లు ఉంటుంది. పై విలువలను గమనించండి. 99 శాతం నుంచి 99.9 శాతానికి వెళ్లడానికి వేగం ఒక శాతం కూడా పెరగనక్కరలేదు. కాని కావలసిన శక్తి మూడు రెట్లకు మించుతుంది. 100 శాతం వద్ద గామా అనంతమవుతుంది. అంటే ద్రవ్యరాశి గల ఏ వస్తువునైనా కాంతి వేగానికి చేర్చాలంటే అనంతమైన శక్తి కావాలి.

ఇది ప్రయోగాలలో రుజువైన విషయం. 1964లో విలియం బెర్టోజీ ఎలక్ట్రాన్ల వేగాన్ని నేరుగా కొలిచాడు. ఎలక్ట్రాన్లకు 15 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి ఇచ్చినప్పుడు, న్యూటన్ సూత్రం ప్రకారం వాటి వేగం కాంతి వేగానికి ఏడు రెట్లకు పైగా ఉండాలి. కాని కొలతలో అవి కాంతి వేగం దగ్గరే ఆగిపోయాయి. జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలలో ప్రోటాన్లను పరుగెత్తించే మహాయంత్రం కూడా ఇదే చెబుతోంది. అక్కడ ప్రోటాన్ వేగం కాంతి వేగం కంటే సెకనుకు సుమారు 3 మీటర్లు మాత్రమే తక్కువ. ఆ కాస్త తేడా ఎంత శక్తి పోసినా పూర్తిగా పోదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని పాఠం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చి చూసుకోండి.
కాంతి వేగంలో 80 శాతం వేగంతో పోయే నౌకకు గామా విలువ ఎంత?

3. మించినట్లు కనిపించే సందర్భాలు

(అ) యానకంలో కాంతి: పైన చెప్పిన హద్దు శూన్యంలో కాంతి వేగానికి సంబంధించినది. నీటిలో కాంతి నెమ్మదించి సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లే పోతుంది. విద్యుదావేశం గల కణం నీటిలో అంతకంటే వేగంగా పోగలదు. అప్పుడు నీలి రంగు కాంతి వెలువడుతుంది. దీనిని చెరెన్‌కోవ్ వికిరణం అంటారు. గాలిలో కూడా ఇది జరుగుతుంది. లద్దాఖ్‌లోని హాన్లే వద్ద ఉన్న ‘మేస్’ దూరదర్శిని ఈ మెరుపులనే పట్టుకుంటుంది. 21 మీటర్ల వ్యాసం గల ఆ దూరదర్శినిని భాభా అణు పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సహకారంతో నిర్మించింది. అక్కడ కణాలు దాటుతున్నది గాలిలోని కాంతి వేగాన్ని. శూన్యంలోని కాంతి వేగాన్ని కాదు.

(ఆ) వెలుగు మచ్చ: శక్తిమంతమైన లేజర్‌ను చంద్రునిపైకి గురిపెట్టి మణికట్టును కొద్దిగా తిప్పామనుకోండి. చంద్రుని వ్యాసం 3,476 కిలోమీటర్లు. వెలుగు మచ్చ సెకనులో వందో వంతు కాలంలో దానిని దాటితే, దాని వేగం కాంతి వేగాన్ని మించినట్లే. కాని ఈ చివర నుంచి ఆ చివరకు ఏ వస్తువూ, ఏ సమాచారమూ పోలేదు. రెండు చివరలకూ కాంతి విడివిడిగా మన చేతి నుంచే వెళ్లింది.

(ఇ) విశ్వ వ్యాకోచం: చాలా దూరాన ఉన్న గెలాక్సీలు మన నుంచి కాంతి కంటే వేగంగా దూరమవుతున్నాయి. అవి అంతరిక్షంలో పరుగెత్తడం వల్ల ఇలా జరగడం లేదు. మధ్యలో ఉన్న అంతరిక్షమే సాగుతోంది.

(ఈ) న్యూట్రినోల వార్త: 2011 సెప్టెంబరులో ఆపెరా బృందం ఒక సంచలన ఫలితాన్ని ప్రకటించింది. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు 730 కిలోమీటర్లు పయనించిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానో సెకన్లు ముందు చేరాయని దాని సారాంశం. 1987లో కనిపించిన ఒక సూపర్‌నోవాతో దీనిని పోల్చి చూద్దాం. అది 1,60,000 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. ఆపెరా చెప్పినంత వేగం నిజమైతే దాని న్యూట్రినోలు కాంతి కంటే నాలుగేళ్లు ముందు రావాలి. వచ్చింది కొన్ని గంటల ముందు మాత్రమే. ఆ కొద్ది తేడాకు కారణం కూడా తెలుసు: పేలుతున్న నక్షత్రం పై పొరలను దాటి బయటపడడానికి కాంతికి ఆలస్యమయింది. 2012లో ఆపెరా పరికరాలలో ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ సరిగా బిగించలేదని తేలింది. సరిచేశాక ఆ 60 నానో సెకన్లు మాయమయ్యాయి.

4. అసలు చిక్కు: కార్యకారణ క్రమం

శక్తి సమస్యను ఎలాగో అధిగమించామనుకుందాం. అప్పుడు మరింత లోతైన చిక్కు ఎదురవుతుంది. దానిని ఒక ఊహా ప్రయోగంతో అర్థం చేసుకుందాం.

అక్క యాకుత్‌పురాలో ఉంది. చెల్లెలు కాంతి వేగంలో 80 శాతం వేగంతో పోయే నౌకలో ఉంది. నౌక భూమిని దాటిన క్షణంలో ఇద్దరూ తమ గడియారాలను సున్నాకు సరిచేసుకున్నారు. ఈ వేగానికి గామా విలువ 5/3. కాబట్టి అక్క లెక్కలో తన గడియారం 10 రోజులు చూపినప్పుడు చెల్లెలి గడియారం 6 రోజులే చూపుతుంది. అయితే చెల్లెలి దృష్టిలో నౌక నిలకడగా ఉంది, భూమి వెనక్కి పోతోంది. ఆమె లెక్కలో నెమ్మదిగా నడిచేది అక్క గడియారమే. దూరంగా ఉన్న చోట ‘ఇప్పుడు’ అంటే ఏ క్షణం అన్నదానిపై ఇద్దరి లెక్కలూ వేరు. సంకేతాలు కాంతిని మించనంత వరకు దీనివల్ల ఏ వైరుధ్యమూ రాదు.

ఇప్పుడు ఇద్దరి దగ్గరా సందేశాన్ని తక్షణమే చేర్చే యంత్రాలు ఉన్నాయనుకోండి. అక్కకు అయిదో రోజున పరీక్ష ఉంది.

మొదటి మెట్టు: పదో రోజున అక్క తన పరీక్షలో వచ్చిన ప్రశ్నలను చెల్లెలికి పంపింది. అక్క లెక్కలో ‘ఇప్పుడు’ చెల్లెలి గడియారం 6 రోజులు చూపుతోంది. సందేశం ఆ క్షణంలో చేరింది.

రెండో మెట్టు: చెల్లెలు వెంటనే ఆ ప్రశ్నలనే తిప్పి పంపింది. చెల్లెలి లెక్కలో ‘ఇప్పుడు’ అక్క గడియారం 6ను 5/3తో భాగించినంత, అంటే 3.6 రోజులు చూపుతోంది. సందేశం ఆ క్షణంలో అక్కకు చేరింది.

పదో రోజున పంపిన ప్రశ్నలు నాలుగో రోజు ముగియకముందే తిరిగి వచ్చాయి. అయిదో రోజు జరిగే పరీక్ష ప్రశ్నలు అక్క చేతిలో ముందే ఉన్నాయి. అంతటితో ఆగదు. ప్రశ్నలు అందిన అక్క, పదో రోజున ఏ సందేశమూ పంపకూడదని నిర్ణయించుకుంటే? పంపని సందేశం ఎలా చేరింది? ఫలితం కారణానికి ముందు వచ్చి, ఆ కారణాన్నే చెరిపివేయగలుగుతుంది.

సౌలభ్యం కోసం ఇక్కడ సందేశం తక్షణమే చేరుతుందని తీసుకున్నాం. కాంతి కంటే కాస్త వేగమైన సంకేతంతో కూడా, నౌక వేగాన్ని తగినంత పెంచుకుంటే, ఇదే ఫలితం వస్తుంది. సందేశానికి బదులు మనిషే ప్రయాణించినా అంతే. కాబట్టి సాపేక్షతా సూత్రం, కార్యకారణ క్రమం, కాంతిని మించిన ప్రయాణం – ఈ మూడింటిలో కనీసం ఒకదానిని వదులుకోవాలి. మొదటిది ఒక శతాబ్దానికి పైగా ప్రయోగాలలో నిలిచింది. రెండోది లేకపోతే ప్రయోగం అనే మాటకే అర్థం ఉండదు. అందుకే భౌతిక శాస్త్రజ్ఞులలో అత్యధికులు మూడోదానినే సందేహిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అక్క సందేశాన్ని 15వ రోజున పంపితే, తిరుగు సందేశం ఆమెకు ఎప్పుడు చేరుతుంది?

5. సూచించిన రెండు మార్గాలు

మొదటిది టాకియాన్‌లు. కేరళలో జన్మించిన భౌతిక శాస్త్రజ్ఞుడు ఇ.సి.జి. సుదర్శన్, బిలానియుక్, దేశ్‌పాండేలతో కలిసి 1962లో ఒక ప్రశ్న లేవనెత్తారు. నెమ్మదిగా పోయే వస్తువును కాంతి వేగం దాటించలేము, నిజమే. కాని పుట్టుకతోనే కాంతి కంటే వేగంగా పోయే కణాలు ఉండకూడదా? వీటికి 1967లో జెరాల్డ్ ఫైన్‌బర్గ్ ‘టాకియాన్’ అని పేరు పెట్టాడు. అటువంటి కణం ఇంతవరకు కనబడలేదు. కనబడినా, మామూలు పదార్థంతో తయారైన మన నౌకకు అది వాహనం కాలేదు.

రెండోది అంతరిక్షాన్నే వంచడం. 1994లో మెక్సికో శాస్త్రజ్ఞుడు మిగెల్ అల్కుబియెరే, సాధారణ సాపేక్షతా సమీకరణాలకు ఒక పరిష్కారం చూపాడు. నౌక ముందు అంతరిక్షం కుంచించుకుపోతుంది, వెనుక సాగుతుంది. నౌక తన చుట్టూ ఉన్న చిన్న ప్రాంతంలో కాంతిని మించకుండానే దూరాన్ని దాటుతుంది. గణితంలో తప్పు లేదు. కాని దీనికి రుణాత్మక శక్తి భారీగా కావాలి. దగ్గరగా ఉంచిన రెండు లోహపు పలకల మధ్య అతి స్వల్పంగా అటువంటి ప్రభావం ఉంటుందని 1948లో కాసిమిర్ చూపాడు. నౌకకు సరిపడేంత పోగుచేసే మార్గం ఎవరికీ తెలియదు. పైగా ఇటువంటి రెండు ప్రయాణాలను కలిపితే నాలుగో భాగంలో చూసిన చిక్కే మళ్లీ వస్తుంది.

6. హద్దులోనే ఉన్న అవకాశం

నక్షత్రాలను చేరడానికి కాంతిని మించనక్కరలేదని గమనించండి. కాంతి వేగంలో 99 శాతం వేగంతో ప్రాక్సిమా సెంటారీకి పోతే భూమి లెక్కలో 4.28 సంవత్సరాలు పడుతుంది. ప్రయాణికుల గడియారంలో దానిని 7.09తో భాగించినంత, అంటే ఏడు నెలలకు కొంచెం పైగా మాత్రమే గడుస్తుంది. వేగం ఇంకా పెరిగితే వేల కాంతి సంవత్సరాలు కూడా ఒక జీవితకాలంలో ఇముడుతాయి. అంత వేగానికి కావలసిన శక్తి నేటి సాంకేతికతకు అందదు; అయినా ప్రకృతి నియమం దీనిని నిషేధించలేదు.

అయితే ఇంటి దగ్గర గడిచే కాలం మాత్రం తగ్గదు. వెయ్యి కాంతి సంవత్సరాల దూరం వెళ్లి తిరిగి వచ్చేవారికి యాకుత్‌పురాలో రెండు వేల ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. కాంతి వేగం ప్రయాణికులను దూరతీరాలకు వెళ్లనిస్తుంది. వదిలి వెళ్లినవారి దగ్గరకు వేళకు తిరిగి రానివ్వదు.

7. సారాంశం

ద్రవ్యరాశి గల వస్తువును కాంతి వేగానికి చేర్చడానికి అనంత శక్తి కావాలి. హద్దును మించినట్లు కనిపించే సందర్భాలలో వస్తువు గాని, సమాచారం గాని శూన్యంలోని కాంతిని దాటడం లేదు. కాంతిని మించిన సంకేతాన్ని అనుమతిస్తే ఫలితం కారణానికి ముందు రావచ్చు. టాకియాన్‌లకు, అంతరిక్ష వక్రతా మార్గానికి ఇంతవరకు ప్రయోగాల ఆధారం లేదు. కాంతి వేగానికి లోబడిన ప్రయాణంలో మాత్రం ప్రయాణికుల కాలం తగ్గుతుంది.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. 0.8 వర్గం 0.64. దానిని 1 నుంచి తీసివేస్తే 0.36, దాని వర్గమూలం 0.6. 1ని 0.6తో భాగిస్తే 5/3, అంటే సుమారు 1.67.
2. 15ను 5/3తో భాగిస్తే 9. మళ్లీ 5/3తో భాగిస్తే 5.4. పంపిన దానికి 9.6 రోజుల ముందు, అంటే ఆమె గడియారం 5.4 రోజులు చూపినప్పుడు చేరుతుంది.

9. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కాంతిని మించిన సంకేతం కార్యకారణ క్రమాన్ని ఎలా భంగపరుస్తుందో ఉదాహరణతో వివరించండి.
2. అల్కుబియెరే సూచించిన మార్గాన్ని, దాని పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చెరెన్‌కోవ్ వికిరణం సాపేక్షతా సిద్ధాంతానికి ఎందుకు విరుద్ధం కాదు?
2. 1987 సూపర్‌నోవా పరిశీలన ఆపెరా ఫలితంపై ఎందుకు సందేహం కలిగించింది?