సేవలో నేర్చుకున్నదానికి గుర్తింపు: డిజిటల్ బ్యాడ్జ్‌ల గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి



ఈ నెల ఒక చిన్న పని చేయండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి సర్టిఫికెట్లు దాచిన ఫైలు ఒకసారి బయటికి తీయండి. అందులో స్వచ్ఛంద సేవకు ఇచ్చిన సర్టిఫికెట్ ఏదైనా ఉంటే చదవండి. చాలావాటిలో 'కార్యక్రమంలో చురుగ్గా పాల్గొన్నందుకు' అని ఉంటుంది. కింద ఒక సంతకం, ఒక ముద్ర. ఆ రోజు మీ బిడ్డ ఏ పని చేసింది, అందులో ఏం నేర్చుకుంది, మళ్లీ అదే పని అప్పగిస్తే సొంతంగా చేయగలదా అన్నది ఆ కాగితంలో కనిపించదు. పొద్దున్నుంచి ఎండలో నిలబడి మొక్కలు నాటిన పాపకూ, ఫొటో దిగి వెళ్లిపోయిన బాబుకూ అదే సర్టిఫికెట్ వస్తుంది. ఇందులో నష్టపోయేది నిజంగా పని చేసిన బిడ్డే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అప్పుడు ఎంతోమంది ఆహార పొట్లాలు కట్టి పంపారు. బయటినుంచి చూస్తే అది పొట్లాలు కట్టడమే. దగ్గరుండి చేసినవాళ్లకు తెలుస్తుంది అందులో ఎంత పని ఉందో. ఇన్ని కిలోల బియ్యానికి ఎన్ని పొట్లాలు వస్తాయో లెక్క వేయాలి. వండింది పాడవకముందే చేరేలా సమయం చూసుకోవాలి. ఏ వీధికి ఎన్ని వెళ్లాయో రాసి పెట్టుకోవాలి. ఆకలితో ఉన్న మనిషి విసుక్కుంటే ఓపిగ్గా సమాధానం చెప్పాలి. ఇవన్నీ నైపుణ్యాలే. వీటిని గుర్తించి నమోదు చేసే ఒక పద్ధతే డిజిటల్ బ్యాడ్జ్.

బ్యాడ్జ్ మనకు కొత్త కాదు

1907లో ఇంగ్లండ్‌లో బేడెన్ పావెల్ నడిపిన శిబిరంతో మొదలైన స్కౌట్ ఉద్యమం మన బడుల దాకా వచ్చింది. మీలో చాలామంది చిన్నప్పుడు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో ఉండే ఉంటారు. అక్కడ వంటకు ఒక బ్యాడ్జ్, ప్రథమ చికిత్సకు ఒక బ్యాడ్జ్ ఉంటాయి. ఆ పని చేసి చూపిస్తేనే చొక్కా చేతిమీద దాన్ని కుట్టుకునే హక్కు వస్తుంది. శిబిరానికి వెళ్లినంత మాత్రాన రాదు.

కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో అది మొదలైంది. కోణార్క్ సూర్యదేవాలయ రథచక్రం దాని గుర్తు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి.

స్కౌట్ బ్యాడ్జ్ నైపుణ్యాన్ని చూస్తుంది. గంటల లెక్క సమయాన్ని చూస్తుంది. రెండూ అవసరమే, కానీ రెండూ ఒకటి కాదు. 20 గంటలు చేశానంటే శ్రద్ధ ఉందని తెలుస్తుంది. ఏం వచ్చిందో తెలియాలంటే ఎవరైనా దగ్గరుండి చూసి చెప్పాలి.

డిజిటల్ బ్యాడ్జ్ లోపల ఏముంటుంది?

చూడటానికి అది ఫోన్‌లో ఒక చిన్న బొమ్మ. తేడా అంతా లోపలే ఉంది. 2011లో మొజిల్లా ఫౌండేషన్ 'ఓపెన్ బ్యాడ్జెస్' అనే పద్ధతికి శ్రీకారం చుట్టింది. ఇప్పుడు దాన్ని వన్ఎడ్‌టెక్ అనే అంతర్జాతీయ సంస్థ చూసుకుంటోంది. ఈ పద్ధతిలో తయారైన బ్యాడ్జ్‌లో బొమ్మతోపాటు సమాచారం కూడా ఇమిడి ఉంటుంది. బ్యాడ్జ్‌ను తెరిచి చూస్తే ఈ వివరాలు కనిపించాలి:

• ఇచ్చింది ఎవరు
• తీసుకున్నది ఎవరు
• ఏం చేయగలిగితే ఇచ్చారు (ప్రమాణాలు)
• చేశారనడానికి రుజువు ఏమిటి
• ఎప్పుడు ఇచ్చారు, గడువు ఉంటే ఎప్పటివరకు

రుజువు తప్పనిసరి కాదు, కానీ అది ఉన్న బ్యాడ్జ్‌కు విలువ ఎక్కువ. గడువు ఎందుకని మీకు అనిపించవచ్చు. ప్రథమ చికిత్స లాంటివి సాధన లేకపోతే మరిచిపోతాం. మూడేళ్ల కిందట నేర్చుకున్నవారు మళ్లీ ఒకసారి చేసి చూపించడం అందరికీ మంచిది.

వాట్సాప్‌లో వచ్చే సర్టిఫికెట్ ఫొటోలో పేరు మార్చడం ఎవరికైనా సులువే. సరైన డిజిటల్ బ్యాడ్జ్‌ను మాత్రం ఇచ్చిన సంస్థ రికార్డుతోనో, డిజిటల్ సంతకంతోనో సరిచూడవచ్చు. ఇంకొకరి బ్యాడ్జ్‌ను మనదని పెట్టుకుంటే అక్కడే దొరికిపోతాం.

అయితే సరిచూడటం వల్ల తేలేది ఒక్కటే: ఈ బ్యాడ్జ్‌ను ఫలానావారు ఫలానావారికి నిజంగానే ఇచ్చారని. అది విలువైనదా కాదా అన్నది సాంకేతికత చెప్పదు. బ్యాడ్జ్ ఎవరైనా జారీ చేయవచ్చు. పది నిమిషాల వీడియో చూసినందుకు కూడా ఇచ్చేవాళ్లు ఉంటారు. కాబట్టి బొమ్మ ఎంత అందంగా ఉందో చూడకండి, ప్రమాణాలు చదవండి.

మంచి బ్యాడ్జ్ ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. తొమ్మిదో తరగతి అమ్మాయి వారానికోసారి రెండో తరగతి పిల్లలకు తెలుగు కథలు చదివి వినిపిస్తోంది అనుకోండి. 'గ్రంథాలయ వాలంటీర్, 20 గంటలు' అని బ్యాడ్జ్ ఇస్తే మళ్లీ పాత సర్టిఫికెట్ దగ్గరికే వచ్చినట్టు. దాన్నే ఇలా రాయవచ్చు:

బ్యాడ్జ్ పేరు: చిన్నపిల్లలకు కథ చదివి వినిపించడం
ప్రమాణాలు: పిల్లల వయసుకు తగిన కథను తానే ఎంచుకుంది. అర్థం కాని మాటలను పిల్లలు రోజూ వాడే మాటల్లో చెప్పింది. కథ మధ్యలో ప్రశ్నలు అడిగి మాట్లాడించింది. వినకుండా అల్లరి చేసే పిల్లలను కసురుకోకుండా దారికి తెచ్చుకుంది.
రుజువు: ఆరు వారాలకు చదివిన కథల జాబితా, ప్రతి వారం 'ఈసారి ఏది కుదరలేదు' అని తాను రాసుకున్న నాలుగు వాక్యాలు.
పరిశీలించినవారు: తరగతి ఉపాధ్యాయిని, రెండుసార్లు వెనక కూర్చుని చూశారు.

ఇందులో 'ఈసారి ఏది కుదరలేదు' అన్న మాట ముఖ్యం. మొదటి వారం కథ మరీ పొడుగైంది, పిల్లలు లేచి తిరిగారు. రెండో వారం చిన్న కథ తీసుకుంది. పొరపాటును గమనించి మార్చుకోవడమే నేర్చుకోవడం. మార్కుల మెమోలో దానికి చోటు లేదు. ఇక్కడ ఉంది.

అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది

వాలంటీర్లంటే పిల్లలే కాదు. క్రీడా దినోత్సవం నాడు నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె చూసుకునేది మీలో కొందరే. పిల్లలకు కుట్లు అల్లికలు నేర్పేవారు, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో చెప్పేవారు, ఎండాకాలం మొక్కలకు నీళ్లు పోయించేవారు కూడా మీలోనే ఉన్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో ఇలా సాయం చేయాలనుకునేవారి కోసం కేంద్ర విద్యాశాఖ 'విద్యాంజలి' పేరుతో ఒక వేదిక నడుపుతోంది.

పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఎనిమిది, పదేళ్లు ఇంట్లో ఉన్న అమ్మలు చాలామంది. మళ్లీ పనికి వెళ్దామనుకుంటే 'ఇన్నేళ్లు ఏం చేశారు?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. 'ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉన్నాను' అని మీరే తగ్గించి చెప్పుకుంటారు. నలభై మంది పిల్లలను ఒక విహారయాత్రకు తీసుకెళ్లి, లెక్క తప్పకుండా, ఖర్చు మించకుండా, అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చిన మనిషికి నిర్వహణ వచ్చినట్టే. అది ఎక్కడో ఒకచోట, చూసినవారి మాటతో నమోదై ఉంటే ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

మరి అడ్మిషన్లలో పనికొస్తుందా?

ఇది మీరు తప్పకుండా అడిగే ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెబుతాం. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ర్యాంకుల్లో డిజిటల్ బ్యాడ్జ్‌కు ఒక్క మార్కు కూడా కలవదు. అలా కలుస్తుందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

2020 జాతీయ విద్యావిధానం మార్కులతోపాటు పిల్లల అన్ని రకాల ఎదుగుదలను చూపే సమగ్ర ప్రగతి పత్రం ఉండాలని చెప్పింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 30 గంటల అభ్యసనాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కిస్తుంది. తరగతి గది బయట నేర్చుకున్నదానికీ, మూల్యాంకనం జరిగితే, అందులో అవకాశం కల్పించింది. దిశ అటే ఉంది. అంతమాత్రాన ప్రతి బ్యాడ్జ్ క్రెడిట్ అయిపోదు. డిజిలాకర్‌లో కనిపించే పదో తరగతి మెమోను బోర్డు జారీ చేస్తుంది, దానికి చట్టబద్ధత ఉంది. బ్యాడ్జ్‌కు ఉన్న బలం, దాన్ని ఇచ్చినవారి మీద నమ్మకం మేరకే.

ఒక హెచ్చరిక: బ్యాడ్జ్ ఎర కాకూడదు

1973లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన గురించి చెప్పాలి. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టుకు 'బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. రెండో జట్టుకు ముందు ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత ఆ స్కెచ్ పెన్నులను మళ్లీ తరగతిలో పెట్టి, ఎవరిష్టం వారిదని వదిలేశారు. ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు, మిగతావారు గీసిన సమయంలో సుమారు సగమే గీశారు. అప్పటిదాకా ఇష్టంగా చేసిన పని, బహుమతి కోసం చేసే పనైపోయింది.

సేవకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 'బ్యాడ్జ్ వస్తుంది, వెళ్లు' అని మనం పంపితే, బ్యాడ్జ్ రాని రోజు బిడ్డ వెళ్లదు. 'పక్కింటి పిల్లకు ఆరు వచ్చాయి, నీకు రెండేనా' అన్నామంటే ఇంకో ర్యాంకుల పట్టిక తయారుచేసినట్టే. ఇప్పటికే పిల్లల నెత్తిన ఉన్నవి చాలు.

అలాగని ప్రమాణాలను దాచిపెట్టలేం, ఏం నేర్చుకోవాలో ముందే తెలియాలి కదా. మేము సూచించే వరుస ఇది: పనిని బిడ్డనే ఎంచుకోనివ్వండి. నాలుగు వారాలు చేయనివ్వండి. ఆ పని మీద ఇష్టం నిలిచాక, 'ఇందులో నీకేం వచ్చిందో రాసి పెట్టుకుందామా?' అని బ్యాడ్జ్ ప్రస్తావన తీసుకురండి. అప్పుడది చేసిన పనికి గుర్తుగా ఉంటుంది.

పిల్లల వివరాలు, ఎదుటివారి మర్యాద

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది. సాధారణంగా వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాబట్టి ఎవరైనా మీ బిడ్డకు బ్యాడ్జ్ ఇస్తామంటే ఏ వివరాలు తీసుకుంటారో, ఎవరికి కనిపిస్తాయో అడగండి. బ్యాడ్జ్ ప్రతిని మీ దగ్గర కూడా దాచుకోండి. ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్ మూసేస్తే ఆ లింకు పనిచేయకపోవచ్చు.

రుజువు కోసమని వృద్ధాశ్రమంలో తాతగారికి పళ్లు ఇస్తున్న ఫొటో, వరద బాధితుల చేతిలో పొట్లం పెడుతున్న ఫొటో పెట్టవద్దు. సాయం అందుకున్నవారి కష్టం మన పిల్లల రుజువు కాకూడదు. జాబితా, డైరీ, పరిశీలించిన పెద్దల మాట సరిపోతాయి.

ఈ నెల ఇంట్లో

సేవా కార్యక్రమం నుంచి బిడ్డ ఇంటికి రాగానే 'సర్టిఫికెట్ ఇచ్చారా?' అని కాకుండా, ఈ నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి.

1. ఈరోజు నువ్వు చేసిన పని ఏమిటి?
2. మొదట్లో రానిది, చివరికి వచ్చింది ఏమైనా ఉందా?
3. ఎక్కడ తడబడ్డావు? ఎవరిని చూసి దిద్దుకున్నావు?
4. రేపు కొత్తగా వచ్చిన స్నేహితుడికి ఈ పని నేర్పాలంటే ముందు ఏం చెబుతావు?

జవాబులను తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో, బిడ్డకు ఏది సులువైతే అందులో, ఒక నోట్‌బుక్‌లో రాయించండి. తేదీ వేయించండి. బ్యాడ్జ్ ఈ ఏడాది వచ్చినా, వచ్చే ఏడాది వచ్చినా, అసలు రాకపోయినా ఆ నోట్‌బుక్ మీ ఇంట్లో ఉంటుంది. నాలుగో ప్రశ్నకు బిడ్డ తడుముకోకుండా జవాబు చెప్పిన రోజు, ఆ పని తనకు వచ్చిందని మీకే తెలుస్తుంది.