నర్సింగ్ విద్యార్థికి డ్రగ్ పరీక్ష: సంతకం పెట్టేముందు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో నర్సింగ్ సీటు వచ్చినవాళ్లకు కాలేజీ పంపే కాగితాల్లో టీకాల పట్టిక, నేర చరిత్ర తనిఖీతో పాటు డ్రగ్ పరీక్షకు అంగీకార పత్రం కూడా సాధారణంగా ఉంటుంది. ‘నాకే అలవాటూ లేదు, నాకెందుకు భయం’ అనుకుని సంతకం పెట్టేస్తే చాలదు. అలవాట్లు లేనివాళ్లు కూడా పద్ధతి తెలియక చిక్కుల్లో పడొచ్చు.

ఈ షరతు చాలాచోట్ల ఆసుపత్రుల నుంచి వస్తుంది. విద్యార్థులు క్లినికల్స్ (ఆసుపత్రి శిక్షణ) చేసే వార్డుల్లో మార్ఫిన్, ఫెంటానిల్ ఉంటాయి. మోతాదు తప్పితే రోగి ఊపిరి ఆగిపోతుంది. అందుకే తమ సిబ్బందికి పెట్టే పరీక్ష విద్యార్థులకూ పెట్టాలని ఆసుపత్రులు కాలేజీలతో ఒప్పందంలో రాసుకుంటాయి. పరీక్ష తప్పినవాళ్లను వార్డులోకి రానివ్వరు. క్లినికల్స్ లేకపోతే డిగ్రీ లేదు. ఇలాంటి పరీక్ష ఎవరికి పెట్టవచ్చన్నది కోర్టు దాకా వెళ్లింది. మిస్సోరీలో ఒక ప్రభుత్వ సాంకేతిక కళాశాల 2011లో కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ డ్రగ్ పరీక్ష పెట్టింది. అందరికీ పెట్టడం కుదరదని, ఇతరుల భద్రతతో ముడిపడిన కోర్సులకు మాత్రం పెట్టవచ్చని 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. నా మటుకు నాకు అది న్యాయమైన గీత. రోగి మంచం పక్కన నిలబడే చదువు ఆ గీతకు ఇవతలే ఉంటుంది.

శాంపిల్ ఇచ్చేచోట బ్యాగు, కోటు బయట పెట్టమంటారు, జేబులు ఖాళీ చేయిస్తారు. మూత్రంలో కలపకుండా టాయిలెట్ నీళ్లకు నీలం రంగు వేసి ఉంచుతారు. సీసాకు అంటించిన పట్టీ మీద వేడి చూస్తారు. ఫెడరల్ పద్ధతిలో నాలుగు నిమిషాల్లోపు అది 90–100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. మీ కళ్లెదుటే సీలు వేసి పొడి సంతకం తీసుకుంటారు, అది అయ్యేదాకా కదలొద్దు. మంచిదని చెంబులకొద్దీ నీళ్లు తాగి వెళితే, శాంపిల్ పలచబడిందని మళ్లీ రమ్మంటారు. గడువులో వెళ్లకపోతే చాలా కాలేజీలు దాన్ని పాజిటివ్ కిందే లెక్కేస్తాయి.

ల్యాబులో మొదటి పరీక్ష త్వరగా జల్లెడ పట్టేది, అప్పుడప్పుడూ పొరబడుతుంది. అనుమానం వస్తే మాస్ స్పెక్ట్రోమెట్రీతో ఏ పదార్థమో తేలుస్తారు. ఆ తర్వాత, ఫలితాన్ని పరిశీలించే డాక్టరు ఉంటే, ఏం మందులు వాడుతున్నారని విద్యార్థికే ఫోన్ చేసి అడుగుతారు. తెలియని నంబరని ఎత్తకుండా వదిలేయకండి.

మన వంటింటి సంగతి కూడా చెప్పుకోవాలి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. మసాలా కూరలో తిన్నా మూత్రంలో మార్ఫిన్ జాడ కనిపించవచ్చు. ఈ చిక్కు వల్లే ఫెడరల్ పరీక్షల్లో పాజిటివ్‌గా లెక్కించే హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. ఇప్పటికీ 300 దగ్గరే గీత గీసే ల్యాబులున్నాయి. 2023లో అమెరికా రక్షణ శాఖ తన సైనికులను గసగసాలకు దూరంగా ఉండమంది. కాలేజీ ఎప్పుడంటే అప్పుడు పరీక్షకు పిలిచేదైతే, చదువయ్యేదాకా కూరలో జీడిపప్పు ముద్దతో సరిపెట్టుకోవడం మేలు. ఇంటినుంచి సూట్‌కేసులో సర్దిన కోడీన్ దగ్గు మందు, ట్రమడాల్, ఆల్ప్రజోలం మాత్రలకు మీ పేరు మీద ప్రిస్క్రిప్షన్ లేకపోతే ముట్టుకోవద్దు.

గంజాయి చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమే అయినా క్లినికల్స్‌కు ఆ మినహాయింపు సాధారణంగా చెల్లదు. రోజూ వాడేవాళ్లకు వారాల తర్వాత కూడా పరీక్షలో బయటపడుతుంది. గంజాయి మొక్క నుంచి తీసే, నొప్పికి రాసుకునే, తాగే సీబీడీ నూనెల్లోనూ దాని జాడ ఉండొచ్చు. మద్యం విషయంలో ఈటీజీ అనే పరీక్ష రెండు మూడు రోజుల కిందటిదీ పట్టేస్తుంది. చేతులకు పదేపదే శానిటైజర్ రాసుకున్నా స్వల్పంగా కనిపించవచ్చు కాబట్టి, తక్కువ అంకె ఒక్కటే చూసి తాగారని తేల్చడం అన్యాయం.

నిజంగా అలవాటులో చిక్కుకున్న విద్యార్థి సంగతి వేరు. ఫ్లోరిడా, టెక్సస్ 1980లలోనే నర్సులకు చికిత్స, పర్యవేక్షణతో మళ్లీ పనిలోకి వచ్చే దారి తెరిచాయి. విద్యార్థులకు అంతకంటే తక్కువ దయ చూపడానికి నాకు కారణం కనిపించదు. పట్టుబడకముందే సాయం అడిగినవారికి ఏ వెసులుబాటు ఉంటుందో మీ కాలేజీ హ్యాండ్‌బుక్‌లో వెతకండి. కనిపించకపోతే, సంతకం పెట్టేముందే ఈమెయిల్ రాసి అడగండి.