పొగ మాన్పించే ఫోను

పొగ మానదలచినవారికి ఫోనులోనే సలహా చెప్పి, మానిన తరువాత కూడా వెన్నంటి ఉండే సేవను క్విట్‌లైన్ అంటారు. మన దేశంలో ఇది 2016 మే నెలలో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలై, 2018లో ముంబయి, బెంగళూరు, గువాహటి కేంద్రాలకు విస్తరించింది. వీటిలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కేంద్రం దక్షిణాది భాషలవారికి సేవలందిస్తుంది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి పొగాకు సరుకుల పెట్టెలపై హెచ్చరిక బొమ్మతో పాటు 1800-11-2356 అనే ఉచిత నంబరును కూడా అచ్చువేయాలని ప్రభుత్వం నిర్దేశించింది.

మానాలన్న కోరిక ఉన్నవారికి ఇంత సాయం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం నికోటిన్‌లో ఉంది. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే మెదడును చేరి హాయిని కలిగించే ఈ పదార్థానికి శరీరం అలవాటుపడిపోతుంది కనుక, అది అందకపోగానే చిరాకు, నిద్రలేమి, ఆకలి పెరగడం, పనిమీద మనసు నిలవకపోవడం వంటి బాధలు తలెత్తుతాయి. వీటిని ఉపసంహరణ లక్షణాలంటారు. ఇవి మొదటి వారంలో ఉధృతంగా ఉండి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి కాబట్టి, మానినవారిలో ఎక్కువమంది తిరిగి అలవాటులో పడేది కూడా ఆ తొలి రోజుల్లోనే.

క్విట్‌లైన్ కిటుకంతా ఇక్కడే ఉంది. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారన్న ప్రశ్నతో వ్యసన తీవ్రతను అంచనా వేసి, మానే తేదీని తాగేవారి చేతనే నిర్ణయింపజేసి, తాగాలన్న తలపు పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే అది దానంతటదే తగ్గుతుందని, ఈలోగా నీళ్లు తాగడమో మరో పనిలో పడడమో మేలని కౌన్సెలర్ చెబుతారు. అయితే ఇంతమాత్రం కరపత్రమైనా చెప్పగలదు. కౌన్సెలర్ తానుగా మళ్లీ ఫోను చేసి పలకరించడమే అసలు బలం. 1992లో మొదలైన కాలిఫోర్నియా సేవలో ఈ తిరుగు ఫోన్లను మానిన తొలి రోజులకే దగ్గరదగ్గరగా కూర్చారు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం, క్విట్‌లైన్‌ను ఆశ్రయించినవారిలో నూటికి ఏడుగురు మానగలిగేచోట, ఇలా పలుమార్లు పలకరిస్తే పదిమంది మానగలుగుతున్నారు. చూడడానికి స్వల్పమే అయినా, ఊరూరికీ ఆసుపత్రి కట్టనక్కరలేని సేవకు ఇది తక్కువ ఫలితమేమీ కాదు.

లోపమల్లా నంబరు పెట్టెమీద ఉండడంలోనే ఉంది. కిళ్లీకొట్టులో విడిగా ఒక్క సిగరెట్ కొనుక్కునేవారికి పెట్టె కనబడదు. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు పెట్టే ఉండదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నా, ఆ నంబరు చేరవలసిన ఇళ్లలో వారి ఇళ్లే ముందువరుసలో ఉన్నాయని గుర్తించిన జాడ తక్కువ. పైగా పొగాకు సాగును, అమ్మకాన్ని చూసే పొగాకు బోర్డుకు 1976 నుంచి ఇదే రాష్ట్రంలోని గుంటూరే కేంద్రం. సాగుకు, అమ్మకానికి అండగా నిలిచిన ఈ నేలమీద మానడానికి దొరికే సాయమూ అంతగా తెలిసి ఉండాలి. విడి సిగరెట్ అమ్మే ప్రతి కొట్టు ముందూ, ప్రతి ఆరోగ్య ఉపకేంద్రం గోడమీదా ఆ నంబరును పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించడం ప్రభుత్వాలు వెంటనే చేయవలసిన పని.