నిఘా శాఖయు విద్యార్థివేతనమును

కళాశాలలో చదువుచుండగనే ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఇంటర్న్‌షిప్ చేయుటకు వీలున్నదా, ఆ శాఖవారు చదువునకు విద్యార్థివేతన మేదైన నిత్తురా యను ప్రశ్న రాయ్‌పూర్ నగరమున పోటీపరీక్షలకు చదువుకొను యువకుల నోట తరచుగ వినబడును. రాత్రింబవళ్లు తెరచియుండు నలంద పరిసర్ గ్రంథాలయములో పుస్తకముల ముందు కూర్చుండు పిల్లలలో బ్యాంకు కొలువు, రైల్వే కొలువు కోరువారితో పాటు ఐ.బి. కొలువు మీద మనసు నిలుపుకొన్నవారును కలరు. వారికి మొదట చెప్పవలసినది ఉన్నమాట. మన దేశములో ఇంటెలిజెన్స్ బ్యూరో గాని, విదేశ సమాచారమును సేకరించు 'రా' సంస్థ గాని విద్యార్థులను బహిరంగ ప్రకటనతో ఇంటర్న్‌షిప్పునకు పిలుచుట లేదు. చదువునకు ధనమిచ్చి, చదువు ముగిసిన పిమ్మట కొలువులోనికి తీసికొను పథకమును లేదు. ఈ మాట వినుటకు నిరుత్సాహకరమే. అయినను, ఇంటర్న్‌షిప్ ఇప్పించెదమని రుసుము గుంజి, ముద్రలు వేసిన దొంగ ఉత్తరువులు చేతిలో పెట్టువారి వలలో పడకుండుటకు ఈ ఒక్క మాట తెలిసియుండిన చాలును.

ఎందుచేత లేదనునది విచారింపదగిన విషయము. ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 డిసెంబరులో ఆంగ్లేయుల పాలనలో సెంట్రల్ స్పెషల్ బ్రాంచ్ అను పేరుతో పుట్టినది. ప్రపంచములో నేటికిని పనిచేయుచున్న నిఘా సంస్థలలో అతి ప్రాచీనమైనవానిలో ఇది యొకటి. 'రా' 1968 సెప్టెంబరు 21న రామేశ్వరనాథ్ కావ్ నాయకత్వమున ఏర్పడినది. ఈ రెండు సంస్థలును సమాచారహక్కు చట్టముయొక్క రెండవ షెడ్యూలులో చేరి, సామాన్యముగ ఆ చట్టమునకు వెలుపల నున్నవి. వీని ఉద్యోగులు సంఘములు కట్టుటను, పత్రికలతో మాటలాడుటను 1985 నాటి ప్రత్యేక చట్టము నియంత్రించుచున్నది. ఇంటర్న్‌షిప్ అనగా విద్యార్థి కొన్ని వారములు ఒక కార్యాలయమున పనిచేసి, నేర్చినది నివేదికగా వ్రాసి, ఆచార్యునకు చూపి, స్నేహితులతో చెప్పుకొని, తన బయోడేటాలో చేర్చుకొనుట కదా! పని చేసినవాడు పని గురించి నోరు విప్పరాదను నియమము మీద నిలిచిన శాఖకు ఇట్టి తాత్కాలిక శిష్యరికము మొదటినుండియు ఇబ్బందికరమైనదే.

అయితే ఈ ఇబ్బంది దాటరానిదని చెప్పుటకు వీలులేదు. కొన్ని దేశములవారు దానిని దాటియున్నారు. అమెరికాలో 1947లో స్థాపితమైన సి.ఐ.ఎ. తన ఇంటర్న్‌షిప్పులను, విద్యార్థివేతనములను బహిరంగముగ ప్రకటించును. ఆర్థికావసరము గల కుటుంబముల పిల్లలను ఎంచుకొని, వారి చదువునకు తోడ్పడి, వేసవి సెలవులలో తన కార్యాలయములోనే జీతమిచ్చి పని నేర్పి, పట్టా చేతికి వచ్చిన పిమ్మట తాను పోషించిన కాలమునకు ఒకటిన్నర రెట్ల కాలము తనయొద్ద కొలువు చేయవలెనని ముందుగనే ఒడంబడిక వ్రాయించుకొనును. సంకేతలిపులను, సమాచార ప్రసారములను పరిశోధించు ఆ దేశపు ఎన్.ఎస్.ఎ. సంస్థ, లూయిస్ స్టోక్స్ అను అమెరికన్ కాంగ్రెసు సభ్యుని పేర, ఇదే పద్ధతిలో ఏటా 30,000 డాలర్ల వరకు బోధనారుసుము చెల్లించు పథకమును నడుపుచున్నది. బ్రిటనులో సైబర్‌ఫస్ట్ అను పథకము క్రింద ఏటా 4,000 పౌండ్ల వేతనమును, వేసవి శిక్షణయు ఇచ్చుచు వచ్చిరి. ఈ ప్రకటనలు నేడు రాయ్‌పూర్ కుర్రవాని సెల్‌ఫోనులోనికిని వచ్చి వాలుచున్నవి గనుక ఒక సంగతి స్పష్టముగ చెప్పవలెను: అమెరికా పథకములు ఆ దేశపు పౌరులకు మాత్రమే. ఎమ్.ఎస్. చదువుటకు విద్యార్థి వీసాతో వెళ్లిన మన పిల్లవానికి వానిలో చోటు లేదు. డాలసులోనో న్యూజెర్సీలోనో పుట్టి, జన్మచేత ఆ దేశపు పౌరులైన తెలుగు బిడ్డలు మాత్రము నిరభ్యంతరముగ దరఖాస్తు చేయవచ్చును; వారును పూర్వాపరముల విచారణకు, సత్యశోధన యంత్రపరీక్షకు నిలువవలసినదే.

ఆ పథకములలో నాకు మెచ్చదగినదిగ తోచినది ధనము కాదు. నిఘా శాఖ తన పేరు చెప్పుకొని, షరతులు కాగితము మీద వ్రాసి, పిల్లవానిని వీధి తలుపు గుండ పిలుచుటయే అందలి గొప్ప. ఈ మాటకు ఇంత బరువెందుకో తెలియవలెనన్న మన అర్థశాస్త్రము తెరచి చూడవలెను.

మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో పండితుడు శామశాస్త్రి పరిష్కరించి 1909లో ప్రకటించిన ఈ గ్రంథమునందు, గూఢపురుషుల నియామకమును గురించిన ప్రకరణములో కౌటిల్యుడు అందరికంటె ముందు పేర్కొన్నది విద్యార్థినే. కాపటికుడని వానికి పేరు. ఇతరుల మర్మము లెరిగినవాడు, జంకు లేనివాడు, ఛాత్రుని వేషమున తిరుగువాడు. మంత్రి వానిని ధనముతోను గౌరవముతోను ప్రోత్సహించి, రాజును తననును ప్రమాణముగ నెంచి, ఎవనియందు ఏ దోషము కనబడినను తత్క్షణమే వచ్చి చెప్పుమని నియోగింపవలెనట. అదే ప్రకరణపు ధోరణిలో మరికొంత దూరము పోయిన పిమ్మట సత్రులను మరియొక తెగ కనబడును. దిక్కులేక, రాజు తప్పక పోషింపవలసిన పిల్లలు వీరు. వీరికి సాముద్రిక లక్షణములు, అంగవిద్య, ఇంద్రజాలము, ఆశ్రమధర్మములు, శకునశాస్త్రము మొదలైనవానితో పాటు సంసర్గవిద్యను, అనగా మనుష్యులతో కలిసిమెలసి మెలగు నేర్పును, చదివింపవలెనని విధించియున్నాడు. రాజధనముతో చదువు, చదువైన పిమ్మట రాజకార్యము. నేడు అమెరికావారు చేయుచున్న ఏర్పాటునకు ఇంచుమించు సరిపడు ఊహ మన దేశములో అంత పూర్వమే యొక గ్రంథమున కెక్కినది.

కౌటిల్యుని యెడల ఎంత గౌరవమున్నను, ఈ రెండు మార్గములలో మొదటిది ప్రజాస్వామ్యమున పనికిరాదని నా నిశ్చితాభిప్రాయము. సహపాఠులమీద కన్నువేసి చాటుగా చాడీలు మోయు విద్యార్థి విద్యాలయమునకు చీడ. వానిని అట్లు వాడుకొను ప్రభుత్వము వాని యౌవనమునకు ద్రోహము చేసినదగును. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాట ఊరక పుస్తకముల మాట కాదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల చెంత 76 మంది రక్షకభటులు హతులైన బస్తరు సీమలో, పోలీసులకు వార్తలు చేరవేయుచున్నాడను అనుమానము చాలును, గ్రామస్థుని మావోయిస్టులు ఇంటినుండి ఈడ్చుకొనిపోయి చంపిన ఉదంతములు ఏండ్ల తరబడి పత్రికలలో వచ్చుచునే యున్నవి. ముఖ్‌బిర్, అనగా వేగులవాడు, అను ముద్ర అక్కడ ప్రాణాంతకము. సెలవులకు ఊరికి పోయిన పిల్లవాడు ఆ ముద్ర పడకుండ తిరిగి రావలెనన్నచో, చదువునకును వేగునకును నడుమ గోడ ఎంత యెత్తుగ నున్న అంత మంచిది.

కావున నేడున్న రాచబాట పరీక్షయే. 'రా'కు బహిరంగ పరీక్ష లేకపోయినను ఇంటెలిజెన్స్ బ్యూరోకు కలదు. దానిని కేంద్ర హోం మంత్రిత్వశాఖ తన వెబ్‌సైటులో ప్రకటించును. పట్టభద్రులకు ఎ.సి.ఐ.ఒ. (సహాయ కేంద్ర నిఘాధికారి) అను ఉద్యోగము, 18 మొదలు 27 ఏండ్ల వయస్సు, గంటసేపు నూరు ప్రశ్నల పరీక్ష, పిమ్మట వ్యాసరూప పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. మూలవేతనము 44,900 రూపాయలతో ఆరంభమగును. 2025లో 3,717 ఖాళీలకు ప్రకటన వెలువడినది. కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్సు చదివినవారిని గేట్ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి సాంకేతిక కొలువులకు తీసికొనుటయు కలదు, రాయ్‌పూర్ ఎన్.ఐ.టి., నవ రాయ్‌పూర్ ట్రిపుల్ ఐ.టి. విద్యార్థులకు ఇది కలిసివచ్చు దారి.

అయినను సామాన్య కుటుంబముల పిల్లలకు అన్నిటికంటె దగ్గరిది సెక్యూరిటీ అసిస్టెంట్ ఉద్యోగము. పదవ తరగతి చాలును. 2025లో 4,987 ఖాళీలు ప్రకటించినప్పుడు వానిని రాష్ట్రముల అనుబంధ కార్యాలయముల వారీగా పంచిరి. హైదరాబాదు, విజయవాడలతో పాటు రాయ్‌పూరునకును అట్టి కార్యాలయ మున్నది. ఏ రాష్ట్రపు ఖాళీని కోరుదురో ఆ రాష్ట్రపు నివాస ధ్రువపత్రము ఉండవలెను. ఆ కార్యాలయమునకు ఎదురుగ పేర్కొన్న భాషలలో నొకటి వచ్చియుండవలెను. ఇందలి రెండవ మెట్టు ప్రత్యేకముగ చెప్పదగినది. గంట వ్యవధిలో 500 మాటల భాగమును స్థానిక భాషనుండి ఆంగ్లమునకును, ఆంగ్లమునుండి స్థానిక భాషకును అనువదింపవలెను. అటుపైని ఇంటర్వ్యూలో ఆ భాష మాటలాడు శక్తిని చూతురు. తుపాకి పట్టుటకంటె ముందు కలము పట్టనేర్చినవానిని ఎంచుకొను ఈ పద్ధతిలో వివేకమున్నది.

ఇచ్చటనే మన తెలుగువారి సంగతి వచ్చుచున్నది. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ మీదుగ రాయ్‌పూరునకు వేసిన రైలుమార్గము 1931లో పూర్తియైన నాటినుండి ఉత్తరాంధ్ర కుటుంబములు కూలికిని, రైల్వే కొలువులకును, వర్తకమునకును ఈ సీమకు వచ్చి స్థిరపడినవి. భిలాయి ఉక్కు కర్మాగారము మరికొందరిని రప్పించినది. దక్షిణమున శబరీ తీరమందలి కుంటలోను, భోపాల్‌పట్నములోను తెలుగు అంగడిభాష. దోర్లా గిరిజనుల పలుకుబడిలో తెలుగు మాటలు కోకొల్లలు. కాకతీయుల వారసులమని చెప్పుకొన్న రాజులు బస్తరును ఏలిరి. ఇంత సంబంధమున్నను, రాయ్‌పూరులో పుట్టిన తెలుగు పిల్లవాడు ఇంటిలో అమ్మతో తడుముకొనకుండ మాటలాడును గాని, హిందీ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదివినందున కాగితము మీద 'ప్రశ్న' అని వ్రాయబోయి వత్తు దగ్గర ఆగిపోవును. నానమ్మ వ్రాసిన ఉత్తరమును చదువుటకు తండ్రి కావలసివచ్చును. వాని నాలుకమీద భాష యున్నది, వ్రేళ్లలో లేదు. గోండి, హల్బీ మాటలాడు పిల్లల స్థితి ఇంతకంటె కష్టము. బడిలో తమ భాషకు చోటే దొరకని వారు అనువాదపరీక్షలో ఎట్లు నెగ్గుదురు?

ఇంటర్న్‌షిప్ అనుభవమే కావలెనను విద్యార్థి నిఘా శాఖ గడప వదలి చుట్టుపట్ల చూచుట మంచిది. సి.బి.ఐ. న్యాయశాస్త్రము, సైబర్ విద్య, నేరశాస్త్రము మొదలైనవి చదువువారికి ఇంటర్న్‌షిప్ ప్రకటనలు ఇచ్చియున్నది. వానికి భృతి లేదు. విదేశాంగ మంత్రిత్వశాఖ నెలకు 10,000 రూపాయల భృతితో తీసికొనును. నవ రాయ్‌పూరులో 2025 జూన్ 22న జాతీయ ఫోరెన్సిక్ శాస్త్ర విశ్వవిద్యాలయపు ప్రాంగణమునకు శంకుస్థాపన జరిగినది. నేరపరిశోధనలో శాస్త్రము నేర్వగోరువారికి ఇక ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణమున్న గుజరాతు పోవలసిన పని తగ్గును. విద్యార్థివేతనములలో ప్రధానమంత్రి పథకము నొకదానిని ఈ రాష్ట్రపు కుటుంబములు ముఖ్యముగ ఎరుగవలెను. ఉగ్రవాదుల, నక్సలైట్ల దాడులలో అసువులు బాసిన రాష్ట్ర పోలీసుల బిడ్డలకును దానిని 2019లో వర్తింపజేసి, ఏటికి 500 మంది చొప్పున కోటా ఏర్పరచి, బాలికలకు నెలకు 3,000, బాలురకు 2,500 రూపాయలుగ నిర్ణయించిరి. నక్సల్ ప్రభావిత జిల్లాల పిల్లలకై 2010లో రాయ్‌పూర్ గుఢియారీలో ఆరంభమైన ప్రయాస్ వసతి విద్యాలయము మరియొక సత్కార్యము. ఆ సీమ బిడ్డలు ఐ.ఐ.టి.లకును, ఎన్.ఐ.టి.లకును పోగలరని అది ఋజువు చేసినది.

ఈ ప్రయాస్ బడిని తలచినప్పుడే నా కోరిక బలపడుచున్నది. కొండపిల్లవానికి గణితము నేర్పి ఇంజనీరును చేయగల ప్రభుత్వమునకు, వాని గోండిని, హల్బీని, దోర్లీని, మన తెలుగును సంపదగా నెంచి చదివించుట అసాధ్యము కాదు. కేంద్ర హోం మంత్రిత్వశాఖవారు రవిశంకర శుక్ల విశ్వవిద్యాలయము వంటి సంస్థ ద్వారా ఒక భాషావిద్యార్థివేతనమును స్థాపింపవలెను. భాషాశాస్త్రమును, అనువాదమును, కంప్యూటరు విద్యను కలిపి మూడేండ్లు చదివింపవలెను. తిరిగి చేయవలసిన కొలువు ఎన్నేండ్లో, మానుకొనినచో చెల్లింపవలసినదెంతో చేరిననాడే వ్రాతపూర్వకముగ చెప్పవలెను. చదువు సాగినంతకాలము ఆ విద్యార్థినుండి సహపాఠిని గురించి గాని, ఊరివారిని గురించి గాని ఒక్క మాటయు అడుగరాదని ఆ పత్రములోనే నిబంధన యుండవలెను. ఈ నిబంధన లేని పథకము ఎంత ధనమిచ్చినను నేను సమర్థింపను.

అట్టి పథకము వచ్చువరకు రాయ్‌పూరులోని తెలుగు తలిదండ్రులకు నాదొక విన్నపము. ఐ.బి. ప్రకటన వెలువడినప్పుడు రాయ్‌పూరునకు ఎదురుగ ఏ భాషలు వ్రాసియున్నవో మీ పిల్లలచేతనే చదివించుడు. నివాస ధ్రువపత్రమును ఇప్పుడే తీయించి ఉంచుడు. ఉద్యోగ మిప్పించెదనని వచ్చువానికి పైస ఇయ్యకుడు. ఆన్‌లైనులో మోసపోయి ధనము పోగొట్టుకొనినచో ఆలసింపక సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయుడు. ఇంటిలో రోజునకు ఒక పుట తెలుగు చదివించి, అరపుట వ్రాయించుడు.