కోల్‌కతా ఉక్కలో కంప్యూటర్‌కు చల్లదనం

యంత్రం ఏదైనా సరే, అది వినియోగించుకొన్న విద్యుత్తుకు లెక్క చెప్పవలసిందే. పంపు నీటిని పైకెత్తుతుంది. లేత్ లోహాన్ని చెక్కుతుంది. కంప్యూటర్ మాత్రం గణన ముగించి, తాను తీసుకొన్న విద్యుత్తును దాదాపు పూర్తిగా ఉష్ణంగా మార్చి గదిలోకి విడుస్తుంది. నేడు కోల్‌కతాలోని మన ఉద్యోగుల ఇళ్లలో పిల్లలు ఆటల కోసం శక్తిమంతమైన కంప్యూటర్లను సమకూర్చుకొంటున్నారు. వాటి విలువ చాలాసార్లు లక్ష రూపాయలు దాటుతుంది. ఏప్రిల్ నెల రాగానే ఆట నత్తనడక నడుస్తున్నదని, చాందినీ చౌక్ బజారుకు వెళ్లి ఖరీదైన కూలర్ తెద్దామని వారు కోరడం సహజం. ఆ ఖర్చుకు సిద్ధపడే ముందు తల్లిదండ్రులు, పిల్లలు కలిసి పరిశీలించవలసిన విషయాలను ఇక్కడ వివరించదలిచాము.

వాల్వుల కాలం నాటి పాఠం

ఈ సమస్య ఈ నగరానికి కొత్తది కాదు. ఆచార్య మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థకు 1955లో బ్రిటన్ నుంచి హెచ్.ఈ.సి.-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. మన దేశానికి వచ్చిన తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. మన తెలుగువారైన ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారు దశాబ్దాల పాటు పరిశోధన సాగించిన సంస్థ కూడా అదే. ఆ యంత్రం వాల్వులతో పనిచేసేది. వాల్వులోని కేథోడ్ వేడెక్కితే తప్ప ఎలక్ట్రాన్లు వెలువడవు. అందుచేత అటువంటి యంత్రాలలో ఉష్ణం అనివార్యం. 1946లో అమెరికాలో ఆవిష్కృతమైన ఎనియాక్‌లో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. అది దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసుకొనేది. ఆ రోజులలో గదిని చల్లబరచడాన్ని యంత్ర నిర్మాణంలో ఒక భాగంగానే భావించారు.

తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. గణాంక సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి నిర్మించిన ఐ.ఎస్.ఐ.జె.యు.-1 కంప్యూటర్ 1966లో ట్రాన్సిస్టర్లతోనే రూపొందింది. యంత్రాలు చిన్నవైన కొద్దీ గది సంగతిని మనం మరచిపోయాము. కాని నేటి ఉన్నత శ్రేణి ప్రాసెసర్ ఒక్కటే 200 వాట్లకు పైగా తీసుకొనగలదు. గ్రాఫిక్స్ కార్డు 450 వాట్లకు పైగా కూడా వెళ్లవచ్చు. మరచిన పాఠం మళ్లీ మన ఇంటికే వచ్చింది.

ఒక చిన్న లెక్క

ఓం నియమం తెలిసినవారికి ఈ లెక్క సులభం. విద్యుత్ ప్రవాహానికి నిరోధం ఉన్నట్లే ఉష్ణ ప్రవాహానికీ నిరోధం ఉంటుంది. చిప్ నుంచి గాలి వరకు గల ఉష్ణ నిరోధం వాట్‌కు 0.25 డిగ్రీలు అనుకొందాము. ప్రాసెసర్ 200 వాట్లు తీసుకొంటే, దాని ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే 50 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. గది 24 డిగ్రీల వద్ద ఉంటే చిప్ 74 వద్ద నిలుస్తుంది. మే నెలలో గది 38కి చేరితే చిప్ 88కి చేరుతుంది. దానికి తోడు హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకొని నిరోధం 0.30కి పెరిగితే, చిప్ 98 డిగ్రీలకు వెళ్తుంది. నేటి ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దు వద్ద ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకొనుటకై వేగాన్ని తగ్గించుకొంటుంది. పిల్లలు చెప్పే నత్తనడకకు తరచుగా కారణం ఇదే.

ద్రవంతో చల్లబరచే కూలర్లకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. అవి ఉష్ణాన్ని విశాలమైన రేడియేటర్‌కు చేరవేసి నిరోధాన్ని తగ్గిస్తాయి. కాని చివరకు ఆ వేడిని అందుకొనేది గదిలోని గాలే. గది ఉష్ణోగ్రత కంటే కిందికి చిప్‌ను అవి తీసుకొనిపోలేవు.

గాలికి దారి

600 వాట్ల వేడిని మోసుకొనిపోతూ గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, క్యాబినెట్ గుండా నిమిషానికి సుమారు 3 ఘనమీటర్ల గాలి ప్రవహించాలి. క్యాబినెట్‌ను బల్ల అరలో బిగిస్తే లేదా గోడకు ఆనిస్తే ఇది జరగదు. వెనుక కనీసం జానెడు ఖాళీ ఉండాలి. గాలి ముందు నుంచి లోనికి, వెనుక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. లోనికి తెచ్చే ఫ్యాన్ల సామర్థ్యం కొంచెం ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల గుండా దూరక జల్లెడల వద్దనే ఆగుతుంది. జల్లెడలను నెలకొకసారి శుభ్రపరచాలి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి ఉంచాలి.

అలాగే గదిలోని వేడి గాలికీ బయటికి దారి కావాలి. ఏసీ ఉన్నచోట 600 వాట్లు అంటే ఒక టన్ను యంత్రపు సామర్థ్యంలో దాదాపు ఆరో వంతు అని గుర్తుంచుకోవాలి.

తేమతో జాగ్రత్త

రాయలసీమ పొడి వేసవిలో నీటి కూలర్ హాయినిస్తుంది. కోల్‌కతాలో, మన విశాఖ తీరంలో వలెనే, గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక అది కంప్యూటర్‌కు ఉపకరించదు. పైగా తేమను పెంచుతుంది. వర్షాకాలంలో గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు, 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి ఉపరితలం మీద ఆవిరి నీరుగా మారుతుంది. అందుచేత మంచు ముక్కలతో చల్లబరచే ప్రయోగాలు ప్రమాదకరం. నడుస్తున్న కంప్యూటర్ గది కంటే వెచ్చగా ఉంటుంది కనుక దానికి ఈ భయం లేదు. ఆపివేసిన కంప్యూటర్ ఏసీ గదిలో చల్లబడి ఉన్నప్పుడు కిటికీలు ఒక్కసారిగా తెరిస్తేనే ముప్పు. ఏసీ ఆపిన తరువాత గది నెమ్మదిగా వేడెక్కిన పిదప కిటికీలు తెరవడం మంచిది.

పుట్టని వేడి

అన్నింటికన్నా చౌకైనది అసలు పుట్టని వేడి. చిప్‌లో వ్యయమయ్యే శక్తిలో ప్రధాన భాగం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజీని 10 శాతం తగ్గించగలిగితే ఆ వ్యయం సుమారు 19 శాతం తగ్గుతుంది. తెర సెకనుకు 144 చిత్రాలను మాత్రమే చూపగలిగినప్పుడు 200 చిత్రాలను తయారుచేయడం వృథా. ఆటలోనే ఆ హద్దు పెట్టవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

కనుక ముందు దుమ్ము దులపండి, గాలికి దారి ఇవ్వండి, అనవసరపు వాట్లను తగ్గించండి, గదిని గమనించండి. ఇవన్నీ చేసిన తరువాత కూడా చిప్ హద్దును తాకుతుంటే, అప్పుడు కొత్త కూలర్‌కు వెచ్చించే సొమ్ము సార్థకమవుతుంది.