పాచికి వాము వైద్యం!

మా ఎర్రగుంట్లలో నాపబండకు కొదవ లేదు. ఇంట్లో గచ్చు, వాకిట్లో మెట్లు, బట్టలుతికే చోటు, తొట్టి చుట్టూ... ఎటు చూసినా బండలే. బయటి ఊళ్ల వాళ్లు 'కడప బండలు' అని ముచ్చటపడి కొనుక్కుపోయేది వీటినే. ఎండాకాలం వీటి మీద నడుం వాలిస్తే ఎంత హాయో! వానలు మొదలయ్యాయంటే మాత్రం తడి ఆరని చోటల్లా పచ్చటి పాచి. పోయినేడు మా వీధిలో ఒక పెద్దావిడ తెల్లారుజామున తొట్టి దగ్గర కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నాలుగిళ్లకు పెద్దదిక్కుగా తిరిగిన మనిషికి ఇప్పుడు వాకిలి దాటాలంటే ఒకరి చెయ్యి కావాలి.

పాచి గీకేదీ మనమే, దానిమీద జారేదీ ఎక్కువగా మనమే. అందుకే దాని సంగతేమిటో కాస్త తెలుసుకుందాం.

యాసిడ్ వద్దు

పాచి ఉత్త మురికి కాదు, ప్రాణమున్నది. తడి, వెలుతురు, కాస్త దుమ్ము, సబ్బు మడ్డి ఉంటే చాలు, పెరుగుతుంది. అది పోవాలని చాలామంది బాత్‌రూమ్ యాసిడ్ పోసేస్తారు. నాపరాయి సున్నపురాయి జాతి. మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయి కోసమే. యాసిడ్ పడగానే బండ బుసబుస పొంగుతుంది చూడండి, రాయి కరిగిపోతోందన్న మాట! నున్నటి బండ గరుకై, ఆ సందుల్లో పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బ్లీచింగ్ పొడి పాచిని చంపుతుంది గానీ, దాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకండి.

విగ్రహాలకూ అదే మందు

వాటికన్ తోటల్లోని పాలరాతి విగ్రహాలకు పట్టిన నాచును వదిలించడానికి అక్కడి నిపుణులు ఒరెగానో, థైమ్ వంటి మొక్కల సుగంధ తైలాలు వాడారంటే ఆశ్చర్యంగా లేదూ? థైమ్‌లో ఉండే థైమాల్ మన వాములోనూ దండిగా ఉంది. పక్కనున్న కర్నూలు సీమ వాముకు పేరుపడ్డదే. లవంగ నూనెలోని యూజినాల్‌కూ ఇలాంటి గుణమే ఉంది. ఇవి పాచి కణాల పైపొరను దెబ్బతీస్తాయి. పొర చెడితే కణం చచ్చిపోతుంది.

ఈ మాట చెప్పగానే మా అత్తమ్మ, "ఏమ్మే, ఉత్త పాచికే జారిపడుతుంటే నూనె కూడా పూస్తావా?" అంది. న్యాయమైన ప్రశ్నే! కానీ ఇవి నువ్వుల నూనెలా జిడ్డుగా నిలిచేవి కావు. ఆవిరి పట్టి తీసే తైలాలు, గాలికి ఎగిరిపోతాయి. వాటి బలమూ, బలహీనతా అదే.

తొట్టి పక్క రెండు బండల్ని కొబ్బరిపీచుతో శుభ్రంగా రుద్ది ఆరనిచ్చాను. ఒక చెంచా వాము తైలాన్ని అరగ్లాసు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, అర లీటరు నీళ్లు పోసి ఒక బండకే పట్టించాను. తైలం పట్టించిన బండ మీద పాచి ఆలస్యంగా వచ్చింది. రాకుండా మాత్రం పోలేదు. వాసన పోయాక మళ్లీ రాయాల్సిందే. ఒక ఇంటి అనుభవం శాస్త్రం కాదనుకోండి!

ఇవి మరవకండి

స్పిరిట్ మంట అంటుకునేది, పొయ్యి దగ్గర కలపకండి. ఘాటు తైలాలు చర్మాన్ని మండిస్తాయి, చేతికి తొడుగు వేసుకోండి. పిల్లలకు, పిల్లులకు అందనీయకండి. తాగేనీళ్ల తొట్టిలో, ట్యాంకులో చుక్క కూడా వేయకండి. తైలం రాసిన బండ పూర్తిగా ఆరేదాకా ఎవరినీ అటు నడవనీయకండి.

తైలం ఖరీదెక్కువ. వాకిలంతా పోయలేం. ఇంట్లో పెద్దవాళ్లు కాలు పెట్టే నాలుగు బండలకు వాడుకుంటే చాలు. మిగతా చోట్ల వారానికోసారి గట్టి బ్రష్షుతో రుద్దడం, నీళ్లు నిలవకుండా తుడవడమే మందు. నీడనిచ్చే కొమ్మ ఉంటే కాస్త నరికిస్తే ఎండ తగిలి బండ ఆరుతుంది.

కొత్తగా బండలు పరిపించుకునేవారికి ఒక్కమాట. నీళ్లు పోయేందుకు వాటం సరిగా పెట్టమని మేస్త్రీకి మీరే దగ్గరుండి చెప్పండి. "ఆడవాళ్లకేం తెలుసు" అంటే, ఒక చెంబెడు నీళ్లు పోసి ఎటు పారతాయో చూపించమనండి!